పసుపు సూది తూనీగ ఎక్కడపడితే అక్కడ ఎందుకు కనిపిస్తుంది?

చెరువు గట్టున తూనీగలు ఎగురుతుంటే ఆ నీళ్లు మంచివని చాలామంది నమ్ముతారు. ఇందులో కొంత నిజం ఉంది. తూనీగల పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయి కాబట్టి పూర్తిగా పాడైపోయిన నీటిలో అవి బతకలేవు. అయితే అక్కడ ఎగురుతున్నది ఏ జాతి అని చూడకుండా నీటికి మంచి మార్కులు వేస్తే తప్పులో కాలేసినట్టే. భారత ఉపఖండంలో చాలా ఎక్కువగా కంటబడే సూది తూనీగల్లో ఒకటైన పసుపు సూది తూనీగ (శాస్త్రీయ నామం సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్) ఇందుకు మంచి ఉదాహరణ. ఊరి బయట తుంగ మొలిచిన గుంట దగ్గర, మురుగు కొంత కలిసిన కుంట పక్కన, వరి పొలం గట్టు మీద, ఇంటి ముందు కలువ తొట్టి దగ్గర కూడా ఇది కనిపిస్తుంది. ఇంత విస్తారంగా బతకడానికి కారణాలు అది గుడ్లు పెట్టే తీరులో, దాని పిల్లలు పెరిగే తీరులో, నీటికి దూరంగా కూడా తిరగగలిగే స్వభావంలో ఉన్నాయి. ఆ కారణాలు అర్థమైతే, ఒక కుంట దగ్గర ఇది కనిపించినప్పుడు ఆ కుంట గురించి ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో తేలుతుంది.

తూనీగల్లో రెండు పెద్ద వర్గాలున్నాయి. లావు శరీరంతో, వాలినప్పుడు కూడా రెక్కలు చాపి ఉంచేవి మామూలు తూనీగలు. సన్నగా, పొడవుగా ఉండి, వాలగానే రెక్కలను వీపు మీద దగ్గరగా చేర్చుకునేవి సూది తూనీగలు. రెక్కలు పూర్తిగా మూయని సూది తూనీగలు కూడా కొన్ని ఉన్నాయి కాబట్టి తలను చూస్తే ఇంకా తేలిగ్గా పోల్చుకోవచ్చు. సూది తూనీగ తల అడ్డంగా వెడల్పుగా ఉంటుంది, రెండు కళ్లూ ఆ తలకు చెరో చివరన దూరంగా ఉంటాయి. మామూలు తూనీగల్లో చాలావాటికి కళ్లు తల మీద దాదాపు కలిసిపోతాయి. సూది తూనీగలకు ముందు రెక్కలూ వెనక రెక్కలూ ఇంచుమించు ఒకే ఆకారంలో ఉండి, శరీరాన్ని అంటే చోట సన్నబడతాయి. ఈ రెండు వర్గాలూ కలిపి ప్రపంచంలో 6,000కు పైగా జాతులున్నాయి. భారతదేశంలో సుమారు 500 దాకా ఉన్నాయి.

మన పసుపు సూది తూనీగను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మగదాని పొట్ట మొదటి నుంచి చివరి దాకా ఒకే నిమ్మపండు రంగులో, మచ్చ లేకుండా ఉంటుంది. ఛాతీ భాగం ముదురు ఆకుపచ్చ, పక్కలకు వచ్చేసరికి లేత పసుపులోకి మారుతుంది. కళ్లు పైభాగంలో ఆలివ్ ఆకుపచ్చ రంగు. ఆడది మసకగా, గోధుమ రంగు కలిసి ఉంటుంది, ఎండిన గడ్డిలో వాలితే పోల్చుకోవడం కష్టం. పొట్ట పొడవు దాదాపు 3 సెంటీమీటర్లు, వెనక రెక్క 2 సెంటీమీటర్ల లోపే. అదే గడ్డిలో పసుపు పొట్ట చివరన నీలి రంగున్న చిన్న తూనీగ కనిపిస్తే అది ఇస్క్నురా రుబిలియో అనే వేరే జాతి. పొట్ట రెండు చివర్లా ఇటుక ఎరుపు, మధ్యలో నలుపు ఉంటే అది సెరియాగ్రియాన్ సెరినోరుబెల్లమ్. ఇది మన జాతికి దగ్గరి చుట్టమే కానీ, తన లాంటి ఇతర సూది తూనీగలను కూడా పట్టి తినే దుడుకు జీవి.

పేరులోని కోరమాండల్ అంటే తమిళనాడు నుంచి ఆంధ్ర దాకా సాగే తూర్పు తీరమే. డెన్మార్క్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ 1798లో ఈ జాతిని లోకానికి పరిచయం చేశాడు. ఆ కాలంలో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో డేనిష్ వ్యాపార స్థావరం ఉండేది, అక్కడి నుంచి సేకరించిన కీటకాలు ఆయన చేతికి అందేవి. తర్వాత భారతదేశపు తూనీగలను విస్తారంగా పరిశీలించిన సైనిక వైద్యుడు ఫ్రేజర్ 1933లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని వివరంగా వర్ణించాడు. తీరం పేరు పెట్టుకున్నా ఇది తీరానికే పరిమితం కాదు. పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, మయన్మార్లలోనూ ఉంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య జాబితాలో ఇది ఆందోళన అక్కర్లేని జాతుల వరుసలో ఉంది.

గుడ్డు పెట్టే చోటే అసలు కీలకం

సూది తూనీగలు గుడ్లను నీళ్లలో ఊరికే జారవిడవవు. ఆడదాని పొట్ట చివర కింది భాగంలో సన్నని కోత సాధనం ఉంటుంది. దానితో మొక్క కాడను గానీ ఆకును గానీ చీల్చి, ఆ చీలికలో ఒక్కొక్క గుడ్డే లోపలికి దింపుతుంది. మొక్క కణజాలం గుడ్డుకు తేమనిస్తుంది, కొంతమంది శత్రువుల నుంచి దాచిపెడుతుంది. దీని అర్థం ఏమిటంటే, ఒక నీటి తావులో సూది తూనీగలు పెరగాలంటే నీళ్లు మాత్రమే ఉంటే చాలదు, ఆ నీళ్లలో మెత్తటి మొక్కలుండాలి. ఆ మొక్క విషయంలో జాతికో తీరు. కొన్ని జాతులకు ప్రవహించే నీటిలో మునిగిన వేళ్లు కావాలి, కొన్నిటికి నీడలో కుళ్లుతున్న కొమ్మలు కావాలి. అలాంటి పట్టుదలలున్న జాతులు, ఆ ఒక్క వనరూ పోగానే ఆ చోటి నుంచి మాయమవుతాయి.

పసుపు సూది తూనీగకు ఆ పేచీ తక్కువ. కలువ ఆకు దొరికితే ఆకు అంచున, నాచు మొక్క పైకి తేలితే దాని మీద, తుంగ కాడ వంగి నీళ్లను తాకితే ఆ కాడ మీద పెట్టేస్తుంది. నిలవ నీరైతే చాలు. చెరువు లోతుతో పని లేదు, గట్టు పక్కన మోకాలి లోతు నీళ్లలో కాస్త కలుపు ఉంటే దానికి సరిపోతుంది. ఏడాది పొడవునా నిండి ఉండాల్సిన అవసరం కూడా లేదు, పిల్లలు పెరిగి రెక్కలు వచ్చేదాకా నిలిస్తే చాలు. ఉష్ణ ప్రాంతాల్లో నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి ఆ ఎదుగుదల చల్లని దేశాల్లో లాగా ఏడాదీ రెండేళ్లూ పట్టదు. ఇలా ఎక్కువ షరతులు లేకపోవడమే ఈ జాతి విస్తరణకు మొదటి కారణం. తెలంగాణలో, రాయలసీమలో గొలుసుకట్టు చెరువులు, వాటి కింద కుంటలు, అలుగు పారే కాలవలు, వరి మడులు అన్నీ కలిసి ఇలాంటి లోతు తక్కువ, కలుపు ఎక్కువ ఉన్న నీటి అంచులను శతాబ్దాలుగా తయారుచేస్తూ వచ్చాయి. మనుషులు సాగు కోసం కట్టుకున్న ఏర్పాటు ఈ చిన్న జీవికి సరిగ్గా సరిపోయింది.

గుడ్లు పెట్టేటప్పుడు మగది పక్కనే ఉండటం ఈ కుటుంబంలో మామూలు. మగది తన పొట్ట చివర కొండీలతో ఆడదాని మెడ దగ్గర పట్టుకుంటుంది. ఆడది ఆకు మీద నిలబడి పొట్ట వంచి గుడ్లు దించుతుంటే, మగది ఆ పట్టు మీదే, కాళ్లు దేనికీ ఆనించకుండా నిటారుగా నిలబడుతుంది. దూరం నుంచి చూస్తే ఒక తూనీగ మీద ఇంకో తూనీగ నిలువుగా గుచ్చినట్టు ఉంటుంది. అప్పుడప్పుడు కలువ ఆకు మీద ఇలాంటి జంటలు పక్కపక్కనే నాలుగైదు కూడా కనిపిస్తాయి. ఒకరు గుడ్లు పెడుతున్న చోటు ప్రమాదం లేని చోటని మిగతా జంటలు అక్కడికే రావడం అనేక సూది తూనీగ జాతుల్లో గమనించిన విషయం.

మగది ఇంత కాపలా ఎందుకు కాస్తుందన్నది కీటక శాస్త్రంలో ఎంతో ఆసక్తికరమైన కథ. తూనీగ మగవాటికి శుక్రకణాలు తయారయ్యేది పొట్ట చివర తొమ్మిదో ఖండంలో, జత కట్టే అవయవం ఉండేది పొట్ట మొదట్లో రెండు మూడు ఖండాల దగ్గర. అందుకే మగది ముందుగా తన పొట్ట తానే వంచి శుక్రకణాలను ముందు భాగంలోకి చేర్చుకుంటుంది. తర్వాత ఆడది తన పొట్ట చివరను అక్కడికి తెచ్చి ఆనించినప్పుడు రెండూ కలిసి ఒక చక్రంలాంటి ఆకారం ఏర్పడుతుంది. 1979లో అమెరికా శాస్త్రవేత్త జోనథన్ వాగే కలోప్టెరిక్స్ మాక్యులాటా అనే సూది తూనీగ మీద పరిశోధన చేసి, మగది తన శుక్రకణాలను ఇచ్చే ముందు ఆడదాని శరీరంలో అంతకు ముందు మగది విడిచినవాటిని దాదాపు అన్నిటినీ బయటికి లాగేస్తుందని చూపించాడు. జత కట్టే అవయవం మీద ఉండే వెనక్కి తిరిగిన ముళ్లు అందుకు పనికొస్తాయి. జంతువుల సంతానోత్పత్తిని చూసే తీరునే ఆ పరిశోధన మార్చేసింది. ఆ వెలుగులో చూస్తే కాపలా అర్థమవుతుంది. చివరగా జత కట్టిన మగదానికే ఎక్కువ పిల్లలు కలుగుతాయి కాబట్టి, గుడ్లు పడేదాకా ఇంకో మగది దగ్గరికి రాకుండా చూసుకోవడం దానికి లాభం.

నీళ్లలో బతుకు, దోమల లెక్క

గుడ్డు పగిలి వచ్చే పిల్లకు రెక్కలుండవు. సన్నగా, మట్టి రంగులోనో ఆకుపచ్చగానో ఉండి నీటి మొక్కలకు అంటుకుని కూర్చుంటుంది. పొట్ట చివర ఆకుల్లాంటి మూడు పల్చటి మొప్పలుంటాయి. ఈ మూడు ఆకులు కనిపిస్తే అది సూది తూనీగ పిల్లే, మామూలు తూనీగ పిల్లకు ఇవి ఉండవు. శత్రువు పట్టుకున్నప్పుడు బల్లి తోక వదిలేసినట్టే మొప్పను తెంపుకుని పారిపోగలదు, తర్వాత పొర విడిచినప్పుడల్లా అది కొంచెం కొంచెంగా తిరిగి పెరుగుతుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు చాలా జాతుల పిల్లలు మొక్క కాడ మీద పైపైకి పాకి ఉపరితలానికి దగ్గరగా చేరతాయి. నిలవ కుంటల్లో రాత్రివేళ ప్రాణవాయువు బాగా తగ్గుతుంది కాబట్టి, అలాంటి చోట పెరిగే జాతులకు ఈ అలవాటు ప్రాణాధారం.

ఈ పిల్ల పుట్టుకతోనే వేటగాడు. దీని కింది పెదవి రెండుగా మడిచి గడ్డం కింద పెట్టుకున్న పొడవాటి పరికరం, చివరన కొక్కేలుంటాయి. ఎర దగ్గరికి వచ్చేదాకా కదలకుండా ఉండి, కళ్లతో దూరం అంచనా వేసి, కంటికి ఆనని వేగంతో ఆ పెదవిని ముందుకు విసిరి పట్టేస్తుంది. నీటి ఈగలు, చిన్న పురుగులు, దోమ పిల్లలు, కొన్నిసార్లు తన జాతి పిల్లలు కూడా దాని ఆహారమే.

ఇక్కడే ఒక పెద్ద నమ్మకాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. సూది తూనీగలు దోమలను అదుపు చేస్తాయి, కాబట్టి అవి ఉంటే డెంగీ రాదు అనే మాట తరచూ వినిపిస్తుంది. సూది తూనీగ పిల్లలు దోమ పిల్లలను బాగా తింటాయని ప్రయోగశాలల్లో తేలింది నిజమే. అయితే డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది కూలర్లలో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో, మూత లేని డ్రమ్ముల్లో. అక్కడ మొక్కలుండవు, సూది తూనీగ అక్కడ గుడ్డు పెట్టదు. నగరాల్లో మలేరియా మోసే ఒక అనాఫిలిస్ జాతికి ఇళ్ల మీది ట్యాంకులు, కట్టడం జరుగుతున్న భవనాల్లో నిలిచిన నీళ్లు ఇష్టం. అక్కడా ఇదే పరిస్థితి. మురుగు కాలవల్లో పుట్టే క్యూలెక్స్ దోమల విషయానికొస్తే, ఆ నీళ్లు చాలాచోట్ల తూనీగ పిల్లలు కూడా తట్టుకోలేనంత పాడైపోయి ఉంటాయి. ఈ జీవి నుంచి దోమల విషయంలో నిజంగా లాభం దొరికేది వరి మడుల్లో, కలుపున్న కుంటల్లో, చిత్తడి నేలల్లో. మెదడువాపు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమలు వరి పొలాల నీళ్లలో పుడతాయి, ఆ నీళ్లలోనే తూనీగ పిల్లలూ ఉంటాయి. ఆ ఒక్క చోట వాటి వేట మనకు పనికొచ్చే వేట. కాబట్టి డెంగీకి మందు తూనీగ కాదు, కూలర్‌లో నీళ్లు వారానికోసారి పారబోయడం.

దోమల కోసం వదిలే గంబూషియా చేపల సంగతి దీనికి ముడిపడి ఉంది. ఈ అమెరికా చేపను 1928లో భారతదేశానికి తెచ్చారు. ఇప్పటికీ తెలుగు రాష్ట్రాల్లో వానాకాలం రాగానే చెరువుల్లో, కుంటల్లో వీటిని వదులుతుంటారు. గంబూషియాకు దోమ పిల్ల, తూనీగ పిల్ల అనే తేడా లేదు, నోటికి పట్టేదల్లా తింటుంది. హవాయి దీవుల అనుభవం ఈ విషయంలో కళ్లు తెరిపించాల్సింది. అక్కడికి 1905లో దోమల కోసమే ఈ చేపను తెచ్చారు. మెగలాగ్రియాన్ జాంథోమెలాస్ అనే స్థానిక సూది తూనీగ ఒకప్పుడు హోనోలులు నగరపు తోటల్లో కూడా మామూలుగా తిరిగేది. బయటి నుంచి తెచ్చిన చేపలు, చిత్తడి నేలలను పూడ్చేయడం, వాగుల నీటిని మళ్లించడం, ఇవన్నీ కలిసి దాన్ని తరిమేశాయి. హోనోలులు ఉన్న ఓహూ దీవిలో అది చివరకు ఒక సైనిక ఆసుపత్రి ఆవరణలోని చిన్న వాగుకు పరిమితమైంది. 2016లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. మన పసుపు సూది తూనీగకు అలాంటి ముప్పు వచ్చిందని ఎవరూ అనడం లేదు, మన నీళ్లలో చేపలతో కలిసి బతకడం దానికి పాత అలవాటే. అయినా నగరపు తోటల్లో తిరిగిన తూనీగ వందేళ్లు తిరగకముందే ఒక చిన్న వాగుకు చేరిందంటే, చేపలు వదిలే ముందు ఆ కుంటలో ఇప్పటికే ఏ వేటగాళ్లున్నాయో చూడటం అధికారుల కనీస బాధ్యత.

పొలంలో పని

రెక్కలు వచ్చిన తూనీగ వేట తీరు వేరు. మామూలు తూనీగలు గాలిలో ఎగిరే వాటిని తరిమి పడతాయి. సూది తూనీగలు నాలుగు రెక్కలనూ విడివిడిగా ఆడించగలవు కాబట్టి గాలిలో ఒకే చోట నిలబడి, గడ్డి పోచల మధ్య మెల్లగా దూరుతూ, ఆకు మీద కూర్చున్న పురుగును ఎత్తుకుపోతాయి. వరి పైరు దుబ్బుల మధ్య ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. సుడిదోమ, పచ్చ దీపపు పురుగు లాంటివి దుబ్బు లోపల కాండాలను, ఆకులను అంటుకుని రసం పీలుస్తాయి. పైన ఎగిరే తూనీగకు అవి అందవు, దుబ్బులోకి దూరే సూది తూనీగకు అందుతాయి. వరిలో మిత్ర పురుగుల జాబితాల్లో సాలీళ్ల పక్కన సూది తూనీగలను చేర్చడానికి ఇదే కారణం.

అయితే సుడిదోమ ఉధృతిని ఇవి ఒక్కటే ఆపేస్తాయని అనుకోకూడదు. సుడిదోమ వేగంగా పెరిగే పురుగు, దాన్ని అదుపులో ఉంచేది సాలీళ్లు, మిరిడ్ నల్లులు, తూనీగలు, గుడ్ల మీద బతికే చిన్న కందిరీగలు కలిసి ఏర్పడే ఒక గుంపు. అవసరం లేకపోయినా ముందు జాగ్రత్తగా మందు కొట్టినప్పుడు ఆ గుంపు చెల్లాచెదురవుతుంది, సుడిదోమ మాత్రం త్వరగా కోలుకుంటుంది. ఆసియా వరి పొలాల్లో దశాబ్దాలుగా మళ్లీ మళ్లీ కనిపించిన విషయమిది. జపాన్‌లో వరి నారు ట్రేలలో ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు వాడుక పెరిగాక పొలాల్లో పుట్టే ఎర్ర తూనీగలు బాగా తగ్గాయి, ఆ మందులకూ ఆ తగ్గుదలకూ సంబంధముందని అక్కడి పరిశోధనలు చూపించాయి. ఇదే మందులు మన పొలాల్లోనూ వాడుకలో ఉన్నాయి. పైరు మీద కొట్టిన మందు మడి నీళ్లలోకి దిగుతుంది, నీళ్లలో ఉన్న తూనీగ పిల్లకు ఎక్కడికీ పారిపోయే దారి లేదు. రెక్కలున్న పెద్దవి పక్క పొలం నుంచి మళ్లీ వస్తాయి కాబట్టి, మందు కొట్టిన నాలుగు రోజులకే గట్టు మీద తూనీగలు కనిపించి అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఆ మడిలో పెరుగుతున్న తరం మాత్రం పోయి ఉంటుంది.

నీళ్లు ఆరబెట్టి మళ్లీ పెట్టే ఆరుతడి పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. నీటి పొదుపుకు, మడి నుంచి వెలువడే మీథేన్ వాయువు తగ్గడానికి అది మంచి పద్ధతే, సుడిదోమ ఉన్నప్పుడు మడి ఆరబెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలే చెబుతారు. కానీ మడి నేల బీటలు వచ్చేదాకా ఆరితే అందులోని తూనీగ పిల్లలు చస్తాయి. దీనికి తేలిక పరిష్కారం మడి పక్కన కాలవలో గానీ, పొలం మూల చిన్న గుంటలో గానీ కొంచెం నీళ్లూ కొంచెం తుంగా మిగల్చడం. అక్కడ పెరిగినవి మడి నిండాక తిరిగి వస్తాయి. రైతుకు దీని ఖర్చు సెంటు నేల కన్నా తక్కువ.

నీటిని వదిలి తిరిగే స్వభావం

నీటి నుంచి బయటికొచ్చిన కొత్త తూనీగ లేత రంగులో, మెత్తటి రెక్కలతో ఉంటుంది. రంగు ముదిరి జత కట్టే వయసు వచ్చేదాకా అది నీటికి దూరంగా పొదల్లో, గడ్డిలో గడుపుతుంది. చాలా సూది తూనీగలు ఆ తర్వాత నీటి అంచునే అంటిపెట్టుకుని ఉంటాయి. పసుపు సూది తూనీగ మాత్రం తోటల్లో, పెరళ్లలో, చెరువుకు చాలా దూరంలోని గడ్డి మైదానాల్లో కూడా తిరుగుతుంది. విస్తరణకు ఇది రెండో కారణం. వానలు పడి కొత్త గుంట నిండినప్పుడు, పక్క ఊరి కుంట పూడిక తీసి మళ్లీ నింపినప్పుడు, అక్కడికి మొదట చేరేవాటిలో ఇలా తిరిగే జాతులే ఉంటాయి. నీటి అంచు దాటని జాతులకు ఒక చెరువుకూ ఇంకో చెరువుకూ మధ్య రోడ్డు, కాలనీ, మెట్ట చేను వస్తే అదే గోడ అవుతుంది.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా పెట్టుకున్నారు. పూడిక తీయడం వల్ల నీటి నిల్వ పెరిగింది, చాలా ఊళ్లలో భూగర్భ జలం కోలుకుంది. తూనీగల దృష్టితో చూస్తే పూడిక తీసే పనిలో అసలు ప్రశ్న చెరువు మధ్యలో కాదు, అంచులో ఉంది. అంచు వాలుగా ఉండి, తుంగ, జమ్ము, కలువ మళ్లీ మొలిచే చోటు మిగిలితే కొన్ని వానాకాలాల్లో చాలా తూనీగలు తిరిగి చేరవచ్చు. నగరాల్లో సుందరీకరణ పేరుతో చుట్టూ నిలువుగా రాతి గోడ కట్టి, వాకింగ్ ట్రాక్ వేసి, మొక్కలన్నీ పీకేస్తే నీళ్లు కనిపిస్తాయి గానీ గుడ్డు పెట్టే చోటు ఉండదు. గుర్రపు డెక్క సంగతి దీనికి వ్యతిరేకంగా నడుస్తుంది. అక్కడక్కడా ఉంటే పిల్లలు దాక్కోవడానికి చోటవుతుంది. చెరువంతా పరుచుకుంటే కింద వెలుతురు పోయి, ప్రాణవాయువు పోయి, నాచూ కలువా కూడా చస్తాయి. పసుపు సూది తూనీగ రెండు పరిస్థితుల మధ్యలో, కొంచెం పాడైన చెరువులో, హాయిగా బతికేస్తుంది.

అందుకే ఇది ఒక్కటే కనిపించే చెరువును ఆరోగ్యమైన చెరువనడం సరికాదు. దీనితో పాటు బ్రాకిథెమిస్ కంటామినాటా అనే నారింజ రంగు రెక్కల తూనీగ గుంపులుగా ఉండి ఇంకేమీ లేకపోతే, ఆ నీళ్లలో మురుగు బాగా కలుస్తోందని అనుమానించవచ్చు, ఎందుకంటే మురుగు నీటిని బాగా తట్టుకునే తూనీగగా దానికి పేరుంది. అదే గట్టున సూడాగ్రియాన్ జాతుల నీలి సూది తూనీగలు, వేలి గోరంత రెక్కలతో గడ్డిలో దాగే అగ్రియోక్నెమిస్ పిగ్మియా, రెక్కలు సగం చాపి కూర్చునే లెస్టెస్ జాతులు కూడా ఉంటే అక్కడ రకరకాల మొక్కలూ లోతులూ మిగిలి ఉన్నాయన్నమాట. కొండవాగుల్లో లెక్క పూర్తిగా వేరు. పచ్చగా మెరిసే వెనక రెక్కలున్న న్యూరోబేసిస్ కైనెన్సిస్ లాంటివి నీడ, పారే నీరు, మునిగిన వేళ్లు కోరుకుంటాయి. వాగు పక్క చెట్లు కొట్టేసి, నీళ్లు నిలిచిపోయేలా చేస్తే ముందు అవి తగ్గుతాయి, వాటి చోటులోకి చెరువు జాతులు వస్తాయి. వాగులో పసుపు సూది తూనీగలు పెరగడం ఆ వాగుకు మంచి వార్త కాదు. 2021 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య 6,016 తూనీగ జాతులను పరిశీలించి వాటిలో 16 శాతానికి అంతరించే ముప్పు ఉందని ప్రకటించింది. చిత్తడి నేలలూ వాగులూ పోవడమే ప్రధాన కారణమని చెప్పింది. జాతుల సంఖ్య తగ్గుతున్నా, కంటికి కనిపించే తూనీగల సంఖ్య తగ్గకపోవచ్చు. సర్దుకుపోయే జాతులు ఖాళీ అయిన చోటును నింపేస్తాయి.

తూనీగలను లెక్కించే ఔత్సాహికులు ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లోనూ పెరుగుతున్నారు, మంచి ఫోన్ కెమెరా ఉంటే చాలా జాతులను గుర్తించవచ్చు. వారు గమనించాల్సింది ఒకటుంది. రెక్కలు వచ్చిన పెద్ద తూనీగ ఫొటో ఆ రోజు అది అక్కడ ఉందని చెబుతుంది, ఆ నీళ్లలో పుట్టిందని చెప్పదు. ఈ జాతి విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం, ఎందుకంటే అది ఎక్కడో పుట్టి ఇక్కడ తిరుగుతూ ఉండవచ్చు. జంటలు గుడ్లు పెడుతున్న దృశ్యం దొరికితే కొంత నయం, ఆ గుడ్లు బతికాయో లేదో మాత్రం అది కూడా చెప్పదు. నీటి పైకి వచ్చిన తుంగ కాడల మీద, ఉదయం పూట, పిల్ల విడిచి వెళ్లిన ఎండు పొరలు వెతకాలి. సన్నగా, గోధుమ రంగులో, వీపు మీద చీలికతో, కాడను గట్టిగా పట్టుకుని ఉంటాయి. గాలికీ వానకీ త్వరగా రాలిపోతాయి కాబట్టి ఒకే చోటును కొన్ని రోజులు వరసగా చూడాలి. ఆ పొరలు దొరికిన చెరువులో గుడ్డు పెట్టే మొక్క ఉంది, పిల్లలు బతికే నీళ్లున్నాయి, అవి పెరిగేదాకా ఆ నీళ్లు నిలిచాయి. పెద్ద తూనీగలు ఎన్ని ఎగురుతున్నా పొరలు ఒక్కటీ దొరకని చెరువులో, అంచు మొక్కలను, చేపలను, పైనుంచి వచ్చే కాలవను ఒక్కొక్కటిగా పరిశీలించాలి.